నాక్కూడా బావగారి కంప్యూటరు

బావగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎదుటివాళ్ళ దగ్గర ఏదుంటే అది తన దగ్గరా ఉండాలి. అవసరమా, పనికొస్తుందా అన్న ప్రశ్నలు ఆయనకు పట్టవు. వాడికుంది, నాకు లేదు అనుకున్నారంటే ఆ పూట ముద్ద దిగేది కాదు. "నాక్కూడా" అన్న మాట ఆ నోటి నుంచి రోజుకి ఎన్నిసార్లు వచ్చేదో లెక్కపెట్టినవాళ్ళు లేరు గానీ, వీధి వీధంతా ఆయన్ని 'నాక్కూడా గారు' అనే పిలిచేది. ఆ సంగతి చెవినపడ్డ రోజున, "పక్కింటాయనకి మారుపేర్లు రెండున్నాయి కదా, నాకు ఒక్కటేనా?" అని అడిగారట.

ముప్ఫై రెండేళ్ళు అచ్చాఫీసులో పేజీల్లో బొమ్మలు అమర్చి, రిటైరై, తమ్ముడింట్లో వీధి గదిలో ఉంటున్నారు. తమ్ముడు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకొచ్చే ఉద్యోగి, నెమ్మదస్తుడు. ఆ తమ్ముడి భార్యే మన మరదలు. బావగారిని అందరికంటే దగ్గరగా చూసిందీ, చాటుగా అందరికంటే ఎక్కువ నవ్వుకున్నదీ, చివరికి ఆ నవ్వుకి తగిన శాస్తి అనుభవించిందీ ఆవిడే.

ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలో పక్కింటి బస్సు డ్రైవరు గోడలకి రంగు వేసుకోవడానికి నిచ్చెన కొన్నాడు. పదిమెట్ల ఆకుపచ్చ నిచ్చెన. మర్నాటికల్లా అలాంటిదే ఇంకొకటి బావగారి గదిలో దిగింది. ఆ గది ఎత్తు ఎనిమిది మెట్లకి మించి ఉండదు. నిచ్చెన ఏటవాలుగా పెడితే మంచానికి దారి లేదు, మంచానికి దారిస్తే తలుపు పడదు.

"ఎందుకు బావగారూ ఇది?" అంది మరదలు.

"ఎప్పుడైనా ఎక్కాల్సొస్తే ఉండాలి కదమ్మా."

"ఎక్కడికి ఎక్కుతారు?"

"వాడెక్కడికి ఎక్కితే అక్కడికి," అన్నారు బావగారు, నిచ్చెన కింద నుంచి వంగి మంచమెక్కుతూ.

తమ్ముడికి పన్ను పుచ్చి పీకించుకొచ్చిన రోజు ఇంకా ఘోరం. ఇంట్లో అందరూ తమ్ముడి చుట్టూ చేరి అయ్యో పాపం అంటుంటే బావగారు ఒక మూల కూర్చుని దవడ నిమురుకున్నారు. సాయంత్రానికి పళ్ళ డాక్టరు దగ్గర తేలారు. డాక్టరు నోరంతా వెతికి, "మీ పళ్ళు ఇంకో ఇరవై ఏళ్ళు కదలవండీ, సంతోషించండి," అన్నాడు. "మావాడికి పుచ్చినప్పుడు నాకెందుకు పుచ్చలేదు?" అని ఈయన నిలదీశారు. డాక్టరు తర్వాతి పేషెంటుని పిలిచాడు. ఇంటికొచ్చి తమ్ముడితో పాటు మూడు రోజులు మెత్తటివే తిన్నారు. నమలనివ్వలేదు ఆయన మనసు.

అలాంటి మనిషి పెళ్ళి మాత్రం ఎవర్నీ చూసి చేసుకోలేదు, బ్రహ్మచారిగానే ఉండిపోయారు. తమ్ముడి పెళ్ళినాడు చుట్టాలందరూ ఏమవుతుందోనని గుండెలు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. ఈయన పెళ్ళికొడుకుని ఎగాదిగా చూసి, "ఆ చెప్పులెక్కడ కొన్నావురా?" అని అడిగి ఊరుకున్నారు. మర్నాడే కొన్న అలాంటి చెప్పులు ఇప్పటికీ వేసుకుంటారు.

ఇలా రోజులు సాగుతుండగా మరదలికి ఒక పని దొరికింది. చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు గొంతుతో చదివి రికార్డు చేయించే లైబ్రరీ ఒకటి ఉంది. అక్కడ ఆవిడ చేత రెండు పేజీలు చదివించి చూశారు. లైబ్రరీ మేడమ్ కళ్ళజోడు తీసి, "మీ గొంతు వింటుంటే మంచినీళ్ళు తాగినట్టుందండీ," అంది. ఒక కంప్యూటరూ, ఒక మైకూ, పద్దెనిమిది అధ్యాయాల సైన్సు పుస్తకమూ చేతిలో పెట్టింది. ఇది నచ్చితే పైతరగతుల పుస్తకాలన్నీ ఆవిడకే ఇస్తామంది.

పుట్టి బుద్ధెరిగాక మరదలి దగ్గర నాది అని చెప్పుకోవడానికి ఏదీ లేదు. ఇల్లు భర్తది, ఆ ఇంటి పేరు మామగారిది, వంటింట్లో సామాను అత్తగారిది. ఈ గొంతు మాత్రం తనదని ఆ రోజే తెలిసింది. వెనక గది కిటికీకి బొంత కట్టి, తలుపు కింద సందులో తువ్వాలు దోపి, చప్పుడవుతుందని ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ నిలబడి చదివేది. బయటికొచ్చాక మొహం కందిపోయి ఉండేది గానీ, నడకలో మాత్రం కొత్త ఠీవి కనపడేది.

బావగారు రెండు రోజులు పేపరు చదవలేదు. మూడో రోజు వీధి గదిలో కంప్యూటరు దిగింది. అదే కంపెనీ, అదే నలుపు, అదే మైకు. మరదలి కంప్యూటరు మూలన లైబ్రరీ వాళ్ళు అంటించిన నంబరు చీటీ ఉంటే, ఈయన కూడా ఒక చీటీ కోసి అదే నంబరు రాసి అంటించుకున్నారు. కిటికీకి బొంత కట్టారు, ఫ్యాను ఆపారు. నిచ్చెన మీద తువ్వాలు ఆరేశారు.

"పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఏమిటండీ ఇది," అని మరదలు భర్త దగ్గర నవ్వింది.

"పోనీలే, కాలక్షేపం," అన్నాడు భర్త.

కాలక్షేపం రెండు రోజులే జరిగింది. బావగారికి కొత్త కష్టం వచ్చింది. మరదలి కంప్యూటర్లో మూడు అధ్యాయాలున్నాయి, తనదాంట్లో ఏమీ లేదు. "కంప్యూటరుంటే సరిపోయిందా? ఆవిడదాంట్లో ఉన్నవి నాక్కూడా కనపడాలి," అని తమ్ముడి వెంట పడ్డారు. ఆదివారం పొద్దున తమ్ముడు స్క్రూడ్రైవరు చెవి మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పనికి స్క్రూడ్రైవరు అక్కర్లేదు. అది లేకపోతే అతనికి ధైర్యం రాదు.

"రెండూ ఈ రౌటరుకే కలిసి ఉన్నాయి అన్నయ్యా. పక్కపక్క గదులనుకో. మధ్యలో తలుపు తీస్తే చాలు. ఎవరి కంప్యూటర్లో వాళ్ళు ఒక ఫోల్డరు షేర్ చేస్తే రెండోవాళ్ళకి కనపడుతుంది."

"ఆవిడ ఫోల్డరు పేరేంటి?"

"చదువు."

"నాక్కూడా చదువే పెట్టు."

"తికమకవుతుంది, వేరే పేరేదైనా పెట్టుకో."

"అదే పెట్టు." ఆ గొంతు విని తమ్ముడు అదే పెట్టాడు. తర్వాత స్క్రీను మీద ఇంకో ప్రశ్న వచ్చింది. "అవతలివాళ్ళ ఫైళ్ళు ఊరికే చూస్తే చాలా, మార్చడానికి కూడా వీలుండాలా?" అని చదివి వినిపించాడు.

"ఆవిడకి ఏది ఇచ్చావు?"

"ఇంకా ఏమీ ఇవ్వలేదు."

"ఇద్దరికీ రెండూ ఇచ్చెయ్. మళ్ళీ ఒకరికి ఎక్కువా ఒకరికి తక్కువా అనుకోవడం ఎందుకు."

ఆ విధంగా ఆ ఇంట్లో రెండు కంప్యూటర్లలో రెండు 'చదువు' ఫోల్డర్లు వెలిశాయి. ఎవరైనా ఎవరిదాంట్లోనైనా చెయ్యి పెట్టొచ్చు. మరదలు ఒకటో అధ్యాయం అని పేరు పెడితే బావగారు కూడా తన కంప్యూటర్లో ఒకటో అధ్యాయం అనే పెట్టారు. అవును, ఆయన కూడా అదే పుస్తకం చదవడం మొదలుపెట్టారు. బజారు నుంచి ఇంకో ప్రతి తెచ్చుకున్నారు. మరదలు ఒక అధ్యాయం పూర్తిచేసి బయటికి రాగానే ఈయన దాన్ని నెట్‌వర్కులోంచి తన కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, తలుపేసుకుని వినేవారు. ఆ తర్వాత వీధి గదిలోంచి ఆహఁ, ఆహఁ అని గొంతు సవరించుకోవడం మొదలయ్యేది. తడిసిన తలుపు తెరుచుకుంటున్నట్టుండేది ఆ గొంతు. మరదలు కూరగాయలు తరుగుతూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు. పదిహేడు అధ్యాయాలు పూర్తయ్యాక లైబ్రరీ మేడమ్ ఫోన్ చేసి, నమూనాకి ఏడో అధ్యాయం ఒక్కటి పంపమంది. మిగతావి సోమవారం ఒకేసారి తీసుకుంటామంది. మరదలు ఆ పూట పొయ్యి మీద పాలు పెట్టి వచ్చింది. స్క్రీను మీద రెండు 'చదువు'లు పక్కపక్కనే కనపడుతున్నాయి. ఒకదాంట్లోంచి ఏడో అధ్యాయం పంపేసి పాల దగ్గరికి పరిగెత్తింది.

రెండు రోజులకి మేడమ్ మళ్ళీ ఫోన్ చేసింది.

"ఏమండీ, ఆ పెద్దాయన ఎవరు?"

"ఏ పెద్దాయన?"

"మీరు పంపినదాంట్లో చదివినాయన. మావాళ్ళు ఒకటికి నాలుగుసార్లు పెట్టించుకుని విన్నారు. ఇంకా ఉన్నాయా, ఈయనే చదువుతారా అని ఒకటే గొడవ."

మరదలికి ఏ 'చదువు'లోంచి ఏది వెళ్ళిందో అప్పుడర్థమైంది. "మా బావగారు," అంది.

"ఆయన నంబరు ఒకసారి ఇవ్వండి. ఇద్దరివీ సోమవారం పంపించండి. పుస్తకమంతా ఒకే గొంతు ఉండాలి కదా, ఎవరిది తీసుకోవాలో విని చెప్తాం."

మరదలు ఫోన్ పెట్టేసింది. ఆవిడకి కడుపు మండింది. ఉన్నమాట చెప్పుకోవాలి. ఇన్నేళ్ళూ బావగారి కుళ్ళుబోతుతనం చూసి నవ్విన మనిషికి ఇప్పుడు తన ఒంట్లో అదే పురుగు తొలుస్తుంటే నవ్వు రాలేదు. ఆయనకి నిచ్చెన ఉంది, చెప్పులున్నాయి, ముప్ఫై రెండు పళ్ళున్నాయి. నాకున్నది గొంతొక్కటే, అది కూడా కావాల్సొచ్చిందా అనుకుంది. మంచినీళ్ళన్నారు నన్ను, ఆ కిర్రుమనే తలుపులో ఏముందట అనుకుంది.

అదేంటో వినాలనిపించి వెనక గదిలోకి వెళ్ళి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, నెట్‌వర్కులోంచి ఆయన ఏడో అధ్యాయం తెరిచింది. గుండె పాఠం అది. ఆహఁ అని రెండుసార్లు దగ్గి బావగారు మొదలుపెట్టారు. మూడో పేరాలో 'పక్క పటంలో చూపినట్టు' అని ఉంది. అక్కడ ఆవిడైతే ఆ ముక్క చదివి ముందుకెళ్ళిపోయింది. బావగారు ఆగారు.

"ఇక్కడో బొమ్మ ఉందండీ," అన్నారు. "కళ్ళున్నవాళ్ళు చూస్తారు. వాళ్ళకున్నది మీకెందుకు ఉండకూడదు? చెప్తాను. ఎడమ చెయ్యి పిడికిలి బిగించండి. గట్టిగా కాదు. దాన్ని రొమ్ము మీద కాస్త ఎడమపక్కకి పెట్టుకోండి. అంతే ఉంటుంది గుండె. లోపల నాలుగు గదులు. పైన రెండు, కింద రెండు..."

మరదలు తనకి తెలీకుండానే పిడికిలి బిగించి రొమ్ము మీద పెట్టుకుంది. తర్వాత చటుక్కున తీసేసింది. ఆయన బాగా చదివారని తెలియడం, చెత్తగా చదివారని తెలియడం కంటే వెయ్యి రెట్లు బాధగా ఉంది.

శుక్రవారం పొద్దున వరండాలో బావగారు ఫోన్లో మాట్లాడుతూ కనపడ్డారు. గొంతు తగ్గించి, తల ఊపుతూ, నవ్వుతూ. "మేడమ్ గారూ" అన్నది ఒక్కటే వినపడింది. మరదలు కిటికీ పక్కన నిలబడి చెవులు రిక్కించింది గానీ లాభం లేకపోయింది. సాయంత్రం కాఫీ ఇస్తూ, "ఎవరు బావగారూ ఫోన్?" అని అడిగితే, "ఆ, ఏదోలేమ్మా," అన్నారు. ఆ కాఫీలో చక్కెర వెయ్యలేదావిడ. ఆయన ఏమీ అనకుండా తాగేశారు.

శనివారం మధ్యాహ్నం భర్త మీటర్ల పని మీద వెళ్ళాడు. బావగారు వరండాలో కుర్చీలో కునుకు తీస్తున్నారు. మరదలు పొద్దున్నే పద్దెనిమిదో అధ్యాయం పూర్తి చేసింది, బావగారు కూడా పూర్తి చేశారు. ఆవిడ వెనక గది తలుపేసుకుంది. ఆలోచన చిన్నదే. తన పద్దెనిమిది అధ్యాయాలూ తీసుకెళ్ళి ఆయన ఫోల్డర్లో పడేస్తే, పేర్లన్నీ ఒకటే కాబట్టి ఆయనవి పోయి తనవే ఉంటాయి. సోమవారం లైబ్రరీకి ఎటు నుంచి పంపినా తన గొంతే వెళ్తుంది. ఇలాంటివి ఆలోచించేటప్పుడు మనుషులకి తెలివితేటలు ఎక్కడినుంచి పుట్టుకొస్తాయో తెలీదు.

స్క్రీను మీద రెండు ఫోల్డర్లు పక్కపక్కన తెరిచింది. రెండింటి పేరూ 'చదువు'. రెండింట్లోనూ పద్దెనిమిది ఫైళ్ళు. వరండా వైపు ఒక చెవి వేసి ఉంచింది. ఒకదాంట్లోవన్నీ పట్టుకుని రెండోదాంట్లోకి లాగింది. 'ఈ పేర్లతో ఫైళ్ళు ఇప్పటికే ఉన్నాయి, వాటి బదులు ఇవి పెట్టమంటారా?' అని అడిగింది కంప్యూటరు. ఆ మాత్రం మర్యాద దానికుంది. అన్నిటికీ పెట్టమంది ఆవిడ. ఆకుపచ్చ గీత నెమ్మదిగా నిండింది.

అంతా సరిగ్గా జరిగిందో లేదో చూద్దామని, తొందరలో హెడ్‌ఫోన్లు తగిలించుకోవడం కూడా మర్చిపోయి, తన ఒకటో అధ్యాయం తెరిచింది.

"ఆహఁ, ఆహఁ," అన్నారు బావగారు.

రెండోది తెరిచింది. బావగారే. పద్దెనిమిదోది తెరిచింది. బావగారు దగ్గుతున్నారు. అవతలి ఫోల్డరు తెరిస్తే అక్కడా ఆయనే. ఎటునుంచి ఎటు లాగాలో అటు కాకుండా ఇటు లాగింది. మూడు నెలలు ఫ్యాను లేకుండా నిలబడి చదివిన చదువంతా ఒక్క నిమిషంలో తుడిచిపెట్టుకుపోయింది. సోమవారానికి ఉన్నది ఒకటిన్నర రోజు. తీసిన గోతిలో ఇంత శుభ్రంగా పడినవాళ్ళు అరుదు.

తలుపు మీద చప్పుడైంది. "అమ్మాయ్, లోపల నా గొంతులా ఉందే," అన్నారు బావగారు. తలుపు తీస్తే ఆయన మొహం వెలిగిపోతోంది. "నావి నువ్వు వింటున్నావా?"

మరదలు ఏడుపు మొదలుపెట్టింది. బావగారు కంగారుపడిపోయారు. "అంత చెత్తగా ఉందా?"

"నావి పోయాయి బావగారూ. పద్దెనిమిదీ పోయాయి."

"పోవడమేంటి? నా దగ్గరున్నాయిగా," అన్నారాయన. వీధి గదిలోకి తీసుకెళ్ళి, నిచ్చెన పక్కకి జరిపి, షేర్ చెయ్యని ఇంకో ఫోల్డరు తెరిచారు. దాని పేరు 'మరదలు'. అందులో ఒకటి నుంచి పద్దెనిమిది దాకా ఉన్నాయి. ఒకటోది తెరిచారు. మంచినీళ్ళలాంటి గొంతు గదిలోకి వచ్చింది. మరదలు మంచం మీద కూలబడింది.

"వేరేగా ఎందుకు పెట్టారు?"

"మొదటి రోజే నీ ఒకటో అధ్యాయం తెచ్చి నాదాని మీద పడేశాను. నాది పోయింది. ఒకే పేరున్న ఇద్దర్ని ఒక గదిలో ఉంచకూడదని ఆ రోజే తెలిసింది."

ఆ పద్దెనిమిదింటి కింద ఇంకా బోలెడు చిన్న చిన్న ఫైళ్ళున్నాయి. 'బొమ్మ ఒకటి', 'బొమ్మ రెండు' అంటూ అరవై మూడు దాకా ఉన్నాయి.

"ఇవేంటి బావగారూ?"

"నువ్వు పటం చూడండి అన్నచోటల్లా పెట్టుకోవడానికి. ఎన్నో నిమిషంలో ఏది పెట్టాలో కాగితం మీద రాశాను. రేపిద్దామనుకున్నాను." బావగారు కాస్త సిగ్గుపడ్డారు. "అబద్ధమెందుకు, మొదట నీమీద కుళ్ళుతోనే మొదలుపెట్టాను. కానీ ముప్ఫై రెండేళ్ళు పేజీలో బొమ్మలు అమర్చినవాణ్ణి కదా. చదువుతూ చదువుతూ బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఇది నాకు కనపడుతోంది, వాళ్ళకి లేదు కదా అనిపించింది. ఇంక నిద్రపట్టలేదు. పాఠంలో మాటలకీ బొమ్మ గురించి చెప్పేదానికీ అతుకు కుదరాలని మొత్తం చదివి చూసుకున్నాను."

"మరి నిన్న మేడమ్ గారు ఏమన్నారు?"

"పుస్తకం నన్నే చదవమంది."

"మీరేమన్నారు?"

"వద్దన్నాను. నా గొంతుతో మూడు పేజీలు వింటే నాకే నిద్రొస్తుంది. పుస్తకం మా మరదలు చదువుతుంది, బొమ్మలు మాత్రం నేను చెప్తానన్నాను. అచ్చాఫీసులో కూడా అంతే, అక్షరాలకి ఒకరు, బొమ్మలకి ఒకరు. సరేనంది."

దొరికినదాన్ని ఆయన వద్దనడం మరదలు జీవితంలో మొదటిసారి వింటోంది. అప్పుడింక దాచుకోలేకపోయింది. నమూనా దగ్గర్నుంచి చక్కెర లేని కాఫీ దాకా, ఆయనవి తుడిచేద్దామని లాగి తనవే తుడుచుకున్నదాకా, తల దించుకుని అంతా చెప్పేసింది. "మీ మీద కుళ్ళుతో చేశాను బావగారూ," అంది.

బావగారు నిచ్చెన కింది మెట్టు మీద కూర్చున్నారు. కోపమొచ్చిందేమోనని మరదలు తలెత్తింది. ఆయన మొహంలో కోపం లేదు. పండు ముదిమి దాకా ఎదురుచూసిన ఉత్తరం చేతికొచ్చినట్టుంది.

"నన్ను చూసా?" అన్నారు.

"అవును."

"కుళ్ళుకున్నావా? నిజంగా?"

"కడుపు రగిలిపోయింది."

"ఎన్ని రోజులు?"

"నాలుగు."

బావగారు లేచి గదిలో అటూ ఇటూ తిరిగారు. అద్దంలో చూసుకుని జుట్టు సర్దుకున్నారు. తమ్ముడికి ఫోన్ చేసి, "ఒరేయ్, మీ ఆవిడ నన్ను చూసి నాలుగు రోజులు కుళ్ళుకుందిరా," అని చెప్పారు. అవతల తమ్ముడు ఎవరింటి మీటరు ముందో నిలబడి ఏమిటీ ఏమిటీ అంటుంటే పెట్టేశారు. వీధి తలుపు దాకా వెళ్ళారు, ఇంకెవరికి చెప్పాలా అని అటూ ఇటూ చూశారు. వీధిలో ఎవరూ లేరు. వెనక్కొచ్చి మరదలి ఎదురుగా కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు.

"మళ్ళీ మొదట్నుంచీ చెప్పమ్మా," అన్నారు. "తొందరేం లేదు."